వెక్టర్ చిత్రంలో లేయర్లు, గ్రూపులు

కంప్యూటరు బొమ్మను దాచుకునే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఫొటోలో లాగా చుక్కలు చుక్కలుగా దాచడం ఒకటి. గీత ఎక్కడ మొదలైంది, ఎటు వంగింది, ఎక్కడ ఆగింది, దాని లోపల ఏ రంగు ఉంది అని లెక్కగా రాసిపెట్టుకోవడం రెండోది. ఈ రెండోదాన్నే వెక్టర్ పద్ధతి అంటారు. అడోబీ ఇలస్ట్రేటర్, కోరల్‌డ్రా, ఇంక్‌స్కేప్, అఫినిటీ డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్లు ఈ కోవలోవి. చుక్కల బొమ్మ మీద గీసిన గీత కాగితం మీది సిరాలాగా కింది రంగులో కలిసిపోతుంది. వెక్టర్ బొమ్మలో ఏదీ దేనిలోనూ కలవదు. వెయ్యి ఆకారాలు గీస్తే వెయ్యీ విడివిడిగానే ఉంటాయి. ఎన్నాళ్ళకైనా వాటిలో ఏ ఒక్కదాన్నో పట్టుకుని జరపవచ్చు, రంగు మార్చవచ్చు, తీసేయవచ్చు.

ఈ పద్ధతి బలమంతా అందులోనే ఉంది, చిక్కు కూడా అందులోనే ఉంది. వినాయకుడి బొమ్మ, మామిడి తోరణం, అంచు డిజైను, నాలుగు పేరాల అక్షరాలు ఉన్న మామూలు శుభలేఖ ఫైలులోనే ఆకారాలు వందల్లో ఉంటాయి. వాటిలో కావలసినది చేతికి దొరకాలి, అక్కర్లేనిది చేతికి అడ్డం పడకూడదు. ఇందుకోసం ఏర్పడిన సాధనాలే లేయరు, గ్రూపు.

సాఫ్ట్‌వేర్‌లోని లేయర్ల ప్యానెల్‌లో రెండూ ఒకేలా, ఒకదాని కింద ఒకటిగా కనిపిస్తాయి. చేసే పనులు మాత్రం వేరు. లేయరు ఆ వస్తువు బొమ్మలో ఏ అంతస్తులో ఉంటుందో, ఏ పనికి చెందినదో చెబుతుంది. గ్రూపు ఏయే వస్తువులు కలిసి కదలాలో చెబుతుంది. ఒకటి చోటుకు సంబంధించినది, ఇంకొకటి పొత్తుకు సంబంధించినది. చేతులు మారిన ఫైళ్ళలో కనిపించే గందరగోళంలో చాలా భాగం ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చినదే.

పేర్చు వరుస

ఈ రెంటికీ పునాది పేర్చు వరుస. 1984 నాటి పోస్ట్‌స్క్రిప్ట్ భాష కాలం నుంచీ వెక్టర్ చిత్రాలది ఒకటే సూత్రం: ముందు వేసిన రంగును తర్వాత వేసిన రంగు కప్పేస్తుంది. కుంచె పట్టిన చిత్రకారుడు చేసేదీ అదే కాబట్టి దీనికి చిత్రకారుడి పద్ధతి అని పేరు. ఎంత పెద్ద ఫైలులోనైనా చివరికి మిగిలేది ఒకే ఒక వరుస, మొదట గీయవలసిన దాని నుంచి ఆఖరున గీయవలసిన దాని దాకా. లేయర్లూ గ్రూపులూ ఆ పొడవాటి వరుసను అక్కడక్కడ కట్టలుగా కట్టడమే.

వెబ్‌లో వాడే ఎస్‌వీజీ అనే రకం వెక్టర్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇది కళ్ళకు కడుతుంది. అందులో అన్నిటికన్నా ముందు రాసి ఉన్న ఆకారం బొమ్మలో అన్నిటికన్నా అడుగున ఉంటుంది, ఆఖరి పంక్తుల్లో ఉన్నది అన్నిటికన్నా పైన ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ప్యానెల్ మాత్రం దీన్ని తలకిందులు చేసి, పైన ఉన్నదాన్ని పైనే చూపిస్తుంది. కొత్తగా కోడ్ చూసేవారు తికమకపడే చోటు ఇది.

కట్టలు కట్టాక వాటి హద్దులు కూడా వస్తాయి. ఇలస్ట్రేటర్‌లో ఒక వస్తువును అన్నిటికన్నా ముందుకు తెమ్మంటే అది తన లేయరులోనో తన గ్రూపులోనో ముందుకు వస్తుంది తప్ప పై లేయరును దాటి రాదు. ‘ఎన్నిసార్లు నొక్కినా ముందుకు రావట్లేదు’ అని కొత్తవాళ్ళు వాపోయేది ఇక్కడే. కోరల్‌డ్రా ఈ రెంటినీ వేరు చేసి రెండు ఆదేశాలు పెట్టింది. షిఫ్ట్, పేజ్ అప్ కలిపి నొక్కితే లేయరులో ముందుకు, కంట్రోల్, హోమ్ కలిపి నొక్కితే పేజీ మొత్తంలోనే ముందుకు. ఈ విషయంలో కోరల్‌డ్రా పద్ధతే నయం.

ఎక్కడి నుంచి వచ్చాయి

పొర అనే ఊహ కంప్యూటరు కన్నా పాతది. కార్టూను సినిమాల తొలి రోజుల్లో ప్రతి ఫ్రేముకూ వెనుక దృశ్యంతో సహా అంతా మళ్ళీ గీయవలసి వచ్చేది. పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకు మీద కదిలే బొమ్మను గీసి, కదలని దృశ్యం మీద పరిచే పద్ధతికి ఎర్ల్ హర్డ్ అనే అమెరికన్ 1914లో పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. అచ్చుపనిలోనూ అంతే. డీటీపీ రాక ముందు పేజీ అట్ట మీద పారదర్శకపు రేకులు పరిచి ఒక్కో రంగుకు ఒక్కో రేకు తయారు చేసేవారు. లేయరు ఆ రేకుకు వారసురాలు.

గ్రూపు దారి వేరు. 1963లో ఎంఐటీలో ఇవాన్ సదర్లండ్ తన స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రాములో ఒక మూల చిత్రాన్ని గీసి, దాన్నే బొమ్మలో పలుచోట్ల ఒక్క వస్తువులాగా వాడుకునే ఏర్పాటు చేశాడు. మూలాన్ని మారిస్తే అన్ని చోట్లా మారేది. చిన్న ముక్కలను కలిపి పెద్ద వస్తువుగా చూడవచ్చన్న ఆలోచన అలా తెరమీదికి వచ్చింది. 1984లో ఆపిల్ మ్యాకింటాష్‌తో వచ్చిన మ్యాక్‌డ్రాలో మామూలు వినియోగదారుడికి కూడా గ్రూపు, అన్‌గ్రూపు అందాయి.

ఇంజనీర్ల ప్రపంచంలో లేయరే రాజ్యమేలింది. 1982లో మొదలైన ఆటోక్యాడ్‌లో గోడలు, తలుపులు, కరెంటు తీగలు, నీటి గొట్టాలు దేనికది ఒక లేయరు. అందులో సున్నా అనే పేరుతో పుట్టుకతోనే ఉండే లేయరును తీసేయడానికీ వీల్లేదు, పేరు మార్చడానికీ వీల్లేదు. ఒక భవనం ఫైలు అనేకమంది చేతులు మారుతుంది కాబట్టి లేయర్ల పేర్లకే నియమావళి అవసరమైంది. అమెరికా ఆర్కిటెక్టుల సంఘం 1990లో అలాంటిది ప్రచురించింది. వాస్తుశిల్పానికి ఎ, నిర్మాణానికి ఎస్, కరెంటుకు ఇ అని మొదటి అక్షరాన్ని చూడగానే అది ఎవరి లేయరో తెలిసిపోతుంది. తర్వాత ఐఎస్ఓ 13567 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది.

చిత్రకారుల సాఫ్ట్‌వేర్‌లోకి లేయరు కొంత ఆలస్యంగా వచ్చింది. 1987లో వెలువడిన ఇలస్ట్రేటర్‌కు 1993 నాటి అయిదో వెర్షన్‌లో లేయర్లు వచ్చాయి. లేయరు అనగానే అందరికీ గుర్తొచ్చే ఫొటోషాప్‌కు అవి 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి.

ఒక పటం

లేయరు విలువ తెలియాలంటే పటం గీసి చూడాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒక పటం గీస్తున్నామనుకుందాం. అడుగున సముద్రం, నేల. దాని మీద జిల్లాల రంగులు, ఆ పైన గోదావరి, కృష్ణ, పెన్న. నదుల మీద జిల్లా సరిహద్దు గీతలు, వాటి మీద రైలు మార్గాలు, ఊళ్ళ చుక్కలు, అన్నిటికన్నా పైన పేర్లు. ఒక్కోదానికి ఒక్కో లేయరు.

2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో 33కు చేరాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. లేయర్లుగా గీసి పెట్టుకున్నవారికి ఆ మార్పు వచ్చినప్పుడల్లా ఉన్న పని జిల్లాల రంగులు, సరిహద్దులు, ముఖ్యపట్టణాల పేర్లు మార్చడమే. గోదావరి పాయలను, బంగాళాఖాతం తీరాన్ని తాకనక్కర్లేదు. ఆ లేయర్లకు తాళం వేసి ఉంచితే మౌసు పొరపాటున తగిలినా కదలవు. పాత జిల్లాల లేయరును చెరిపేయకుండా కన్ను గుర్తు నొక్కి దాచిపెడితే, ముందూ తర్వాతా పక్కపక్కన చూపించే పాఠం కూడా అదే ఫైలులో తయారుగా ఉంటుంది. అంతా ఒకే లేయరులో గీసినవారు మాత్రం ఒక్కో గీతనూ వెతికి పట్టుకోవలసి వస్తుంది. నది వంపు ఏదో, సరిహద్దు వంపు ఏదో పోల్చుకోవడం కష్టం, ఎందుకంటే చాలాచోట్ల నదే సరిహద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఊరి చుక్కనూ, పక్కనే ఉన్న ఊరి పేరునూ గ్రూపు చేయాలా? రెండూ ఒకే ఊరివి కాబట్టి చేయాలనే అనిపిస్తుంది. చేస్తే ఏమవుతుందో చూడాలి. ఏ వస్తువైనా ఒకే తల్లి కింద, అంటే ఒకే లేయరులోనో ఒకే గ్రూపులోనో ఉండగలదు. రెండు లేయర్లలోని వస్తువులను గ్రూపు చేస్తే ఇలస్ట్రేటర్ వాటన్నిటినీ పైనున్న వస్తువు లేయరులోకి లాగేస్తుంది. అంటే చుక్కలన్నీ తమ చోటు వదిలి పేర్ల లేయరులోకి చేరతాయి. రేపు తెలుగు పేర్లను దాచి ఇంగ్లీషు పేర్లతో పటం అచ్చు వేద్దామంటే, పేర్లతో పాటు చుక్కలూ మాయమవుతాయి. కనిపించడం, దాగడం వేరువేరుగా జరగవలసిన వస్తువులను గ్రూపు చేయకూడదు. ఊళ్ళు పటంలో ఎలాగూ కదలవు కాబట్టి వాటికి పొత్తు అక్కర్లేదు, చోటు చాలు.

పటం మూలన ఉండే సూచికల పెట్టె సంగతి దీనికి సరిగ్గా ఎదురు. అందులో ఒక చతురస్రం, చిన్నచిన్న రంగు గళ్ళు, రైలు గీత నమూనా, వాటి అర్థాలు ఉంటాయి. ఎడమ మూల నుంచి కుడి మూలకు మార్చినప్పుడల్లా అవన్నీ కలిసి కదలాలి. అక్కడ గ్రూపు తప్పనిసరి. ఏవి కలిసి కనిపించాలో ముందు తేల్చుకుని లేయర్లు చేయడం, ఆ తర్వాత ఏవి కలిసి కదలాలో చూసి లేయరు లోపల గ్రూపులు కట్టడం: పని ఈ వరుసలో నడిస్తే ఈ రెంటి మధ్య పేచీ రాదు.

గ్రూపు లోపలికి

గ్రూపు చేయడానికి దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ కంట్రోల్, జి మీటలే. విడదీయడానికి ఇలస్ట్రేటర్‌లో వాటికి షిఫ్ట్ కలుపుతారు, కోరల్‌డ్రాలో కంట్రోల్, యు. గ్రూపులో ఇంకో గ్రూపు, దానిలో మరొకటి ఎన్నైనా పెట్టవచ్చు. తోలుబొమ్మలాటలో మోచేయి దగ్గర, భుజం దగ్గర ముక్కలు దారంతో ముడిపడి ఉన్నట్టే, యానిమేషన్ కోసం గీసే మనిషి బొమ్మలో వేళ్ళు చేతి గ్రూపులో, చెయ్యి బాహువు గ్రూపులో, బాహువు మొండెం గ్రూపులో ఉంటాయి. బాహువును తిప్పితే వేళ్ళూ తిరుగుతాయి. వేలిని తిప్పితే బాహువు కదలదు. సాఫ్ట్‌వేర్ దీన్ని లెక్కగా చేస్తుంది. గ్రూపుకు ఇచ్చిన మలుపు, సాగదీత, జరుపు దాని పిల్లలన్నిటికీ వర్తిస్తాయి. పిల్లకు ఇచ్చినవి పిల్లకే.

గ్రూపులోని ఒక్క వస్తువును దిద్దడానికి గ్రూపును విప్పనక్కర్లేదు. చాలామంది విప్పుతారు, పని అయ్యాక మళ్ళీ కట్టడం మరిచిపోతారు. కోరల్‌డ్రాలోనూ ఇంక్‌స్కేప్‌లోనూ కంట్రోల్ పట్టుకుని నొక్కితే లోపలి వస్తువు నేరుగా దొరుకుతుంది. ఇలస్ట్రేటర్‌లో గ్రూపు మీద రెండుసార్లు నొక్కితే మిగతా బొమ్మంతా మసకబారి ఆ గ్రూపు ఒక్కటే చేతికి అందుతుంది. దీన్ని ఐసొలేషన్ మోడ్ అంటారు. కిక్కిరిసిన ఫైలులో దీనంత హాయిగా పనిచేయనిచ్చేది ఇంకొకటి లేదు.

సున్నా నల్లచుక్కయినప్పుడు

తెలుగు డీటీపీ పనిలో గ్రూపుతో తరచుగా కలగాపులగమయ్యే ఆదేశం కంబైన్. శుభలేఖ ప్రెస్సుకు పంపే ముందు అక్కడ ఆ ఫాంటు లేకపోతే అక్షరాలు చెడతాయని వాటిని కర్వ్స్ చేస్తారు, అంటే మామూలు ఆకారాలుగా మార్చేస్తారు. కోరల్‌డ్రాలో అందుకు కంట్రోల్, క్యూ. ఆ తర్వాత ఒక అక్షరాన్ని కాస్త పెద్దది చేయాలనో, రంగు మార్చాలనో బ్రేక్ అపార్ట్ కొడతారు. అప్పుడు ఏ ముక్కకు ఆ ముక్క విడిపోతుంది.

సున్నాను దగ్గరగా చూద్దాం. దానికి బయట ఒక వలయం, లోపల ఒక వలయం. కలిసి ఉన్నంత కాలం లోపలిది రంధ్రంగా పనిచేస్తుంది. విడగొట్టగానే లోపలిదీ ఒక నిండు ఆకారమే అవుతుంది. దానికీ నలుపు నిండుతుంది. నలుపు మీద నలుపు కాబట్టి సున్నా నల్లటి చుక్కగా మారుతుంది. ‘ఠ’ లాంటి అక్షరాలదీ ఇదే గతి. గాబరాపడి రెంటినీ గ్రూపు చేస్తే ప్రయోజనం లేదు. గ్రూపు వస్తువులను పక్కపక్కన కట్టి ఉంచుతుంది గానీ ఒకదానితో ఒకదానికి చిల్లు వేయదు. చిల్లు పడాలంటే రెండూ ఒకే ఆకారం కావాలి, అందుకు కంట్రోల్, ఎల్ నొక్కి కంబైన్ చేయాలి. ఇలస్ట్రేటర్‌లో దీని పేరు కాంపౌండ్ పాత్. కంబైన్ చేసినదంతా ఒకే వస్తువు కాబట్టి దానికి ఒకే రంగు ఉంటుంది. గ్రూపులో ఎవరి రంగు వారిదే.

గ్రూపు అవసరం పడేది ఆ తర్వాత. ‘లక్ష్మి’ అన్న పేరు విడగొట్టాక మ వత్తు కింద విడి ముక్కగా మిగులుతుంది. పేరును పైకి జరిపినప్పుడు ఆ ముక్క ఎంపికలోకి రాకపోతే కింద పంక్తిలోనే ఉండిపోయి, అక్కడి అక్షరానికి అక్కర్లేని వత్తుగా అతుక్కుంటుంది. రంధ్రాలకు కంబైన్, పేరు మొత్తానికి గ్రూపు: తెలుగు అక్షరాలతో పనిచేసేవారికి ఈ రెండూ కావాలి, ఒకదాని బదులు ఒకటి పనికిరాదు.

పారదర్శకత

2000 సంవత్సరంలో తొమ్మిదో వెర్షన్‌తో ఇలస్ట్రేటర్‌కు పారదర్శకత వచ్చాక గ్రూపుకు కొత్త అర్థం వచ్చింది. అంతవరకూ అది అమరిక కోసమే. ఆ తర్వాత బొమ్మ కనిపించే తీరునే మార్చే శక్తి దానికి అబ్బింది.

తెల్ల కాగితం మీద రెండు నల్లని వృత్తాలు కొంత మేర ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఒక్కోదానికి విడిగా 50 శాతం పారదర్శకత ఇస్తే అవి కలిసిన చోట నలుపు 75 శాతం అవుతుంది. మొదటి వృత్తం సగం నలుపు వేస్తుంది, మిగిలిన తెలుపులో సగాన్ని రెండోది తీసుకుంటుంది. వృత్తాలను నిండు నలుపుగానే ఉంచి, గ్రూపు చేసి, గ్రూపుకు 50 శాతం ఇస్తే అంతటా ఒకే బూడిద రంగు వస్తుంది. కలిసిన చోటు తెలియనే తెలియదు. ముందు రెండూ ఒక్క బొమ్మగా తయారై, ఆ తర్వాత ఆ బొమ్మ పలచబడింది. నీడలు, పొగలు, అద్దాలు గీసేవారికి ఈ తేడా ప్రాణం లాంటిది. ఇలాంటి గ్రూపును అన్‌గ్రూపు చేస్తే ఇలస్ట్రేటర్‌లో ఆ పారదర్శకత పోతుంది, ఎందుకంటే అది వృత్తాలది కాదు, గ్రూపుది.

క్లిప్పింగ్ మాస్క్ కూడా ఒక రకం గ్రూపే. పైనున్న ఆకారం కిటికీలాగా పనిచేస్తుంది, కిందివి ఆ కిటికీ మేరకే కనిపిస్తాయి. కోరల్‌డ్రా వాడేవారు పవర్ క్లిప్ అనేది ఇలాంటిదే.

ఫైలు చేతులు మారితే

వెబ్‌లో వెక్టర్ చిత్రాలకు ప్రమాణమైన ఎస్‌వీజీని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2001 సెప్టెంబరు 4న ఆమోదించింది. అందులో గ్రూపు ఉంది, దాన్ని జి అనే ఒక్క అక్షరంతో రాస్తారు. లేయరు లేదు. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ ఎస్‌వీజీనే తన సొంత ఫైలు రూపంగా పెట్టుకుంది కాబట్టి దీనికి ఒక ఉపాయం చేసింది. లేయరును కూడా గ్రూపుగానే రాసి, దాని పక్కన ‘ఇది లేయరు’ అని తన గుర్తు ఒకటి తగిలిస్తుంది. బ్రౌజరుకు ఆ గుర్తుతో పని లేదు, మామూలు గ్రూపుగా చూపిస్తుంది. ఇంక్‌స్కేప్‌లో తెరిస్తే మళ్ళీ లేయరు అవుతుంది. ఫిగ్మా అనే డిజైను సాఫ్ట్‌వేర్ ఇంకో కొసకు వెళ్ళింది. అక్కడ ప్రతి వస్తువునూ లేయరనే అంటారు. ఇలస్ట్రేటర్ నుంచి వెళ్ళినవారికి ఆ మాట కొన్నాళ్ళు తిప్పలు పెడుతుంది.

పీడీఎఫ్‌లోకి లేయర్లు 2003లో 1.5 వెర్షన్‌తో వచ్చాయి. దీని వల్ల ప్యాకేజింగ్ రంగానికి మేలు జరిగింది. మందుల పెట్టె డిజైనులో బొమ్మతో పాటు అట్టను కత్తిరించే గీత, మడత గీత, మెరుపు పూత వేసే చోటు కూడా ఉంటాయి. కత్తిరింపు గీత బొమ్మ లేయరులో కలిసి ఉంటే అది సిరాతో అచ్చయిపోతుంది, పెట్టెలన్నీ దండగ. అందుకే వాటిని వేరే లేయర్లలో పెట్టడం అచ్చు పరిశ్రమలో ఆచారం. ఏ లేయరు దేనికో యంత్రానికి కూడా తెలిసేలా గుర్తులు పెట్టే పద్ధతిని 2018లో ఐఎస్ఓ 19593-1 ప్రమాణంగా నిర్ణయించారు.

యానిమేషన్‌కు పంపే ఫైలుకు ఇంకో షరతు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్ ఫైలులోని పైస్థాయి లేయర్లను మాత్రమే విడివిడి లేయర్లుగా తీసుకుంటుంది. లోపలి ఉపలేయర్లు, గ్రూపులు ముద్దగా వస్తాయి. కన్ను ఒక్కటే ఆర్పాలంటే కన్ను పైస్థాయి లేయరులో ఉండాలి. బొమ్మ గీసేటప్పుడే ఇది తెలిసి ఉంటే తర్వాత రోజంతా విడదీసే పని తప్పుతుంది.

పేరు

ఇలస్ట్రేటర్ కొత్త లేయర్లకు లేయర్ 1, లేయర్ 2 అని పేరు పెట్టి, మొదటిదాని వస్తువులను లేత నీలం అంచుతో, రెండోదాని వాటిని ఎరుపు అంచుతో చూపిస్తుంది. గీసేవారికి ఆ రంగు కొంత దారి చూపుతుంది. ఆరు నెలల తర్వాత తెరిచేవారికి, లేదా వేరే ఊళ్ళో ప్రెస్సులో తెరిచేవారికి ‘లేయర్ 14’ ఏమీ చెప్పదు. ‘తీరం’, ‘నదులు’, ‘జిల్లాలు 2022’, ‘కత్తిరింపు గీత - అచ్చు వేయవద్దు’ అన్న పేర్లు అన్నీ చెబుతాయి. ఇంక్‌స్కేప్‌లో ఆ పేర్లు తెలుగులోనే రాయవచ్చు. ఈసారి ఫైలును ఎవరికైనా పంపే ముందు ఒక్కో లేయరు కన్ను మూసి తెరిచి చూడండి. దానిలో ఏముందో దానికి ఆ పేరు పెట్టి పంపండి.